నిన్న ఏం విప్పారు?

బండి పాడైపోయి ఆగితే బాధేస్తుంది. బాగానే తిరుగుతున్న బండిని సర్వీసింగ్‌కి ఇచ్చి, డబ్బులు కట్టి తెచ్చుకున్నాక స్టార్ట్ కాకపోతే మాత్రం ఒళ్ళు మండుతుంది. "ఇప్పటిదాకా బాగానే ఉంది కదా, ఏం చేశారు మీరు?" అని అరిచేస్తాం.

గమనించారా? ఆ అరుపులోనే సగం జవాబు ఉంది. ఏం చేశారు? నిజంగా అడగాల్సిన ప్రశ్న అదే. కాకపోతే అరిచి అడిగితే దానికి జవాబు రాదు. ఈ వారం కబుర్లు దాని గురించే. సాక్షి ఒక డీజిల్ లారీ.

నేను చదివింది కంప్యూటర్ సైన్స్. పానా సైజులు చూసి చెప్పమంటే తడబడతాను. కానీ మదనపల్లెలో మా చిన్నాయనకు ఒక లారీ ఉంది. నా ఇంజనీరింగ్ ఫీజుల్లో కొంత ఆ బండి టైర్ల మీద దొర్లుకుంటూ వచ్చిందే. అందుకే అది దగ్గితే నాకు జలుబు చేసినట్టు ఉంటుంది.

ప్లగ్గు లేకుండా మంట ఎలా?

మీ బైక్‌లో పెట్రోల్‌ని అంటించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో అది ఉండదు. మరి మంట ఎక్కడి నుంచి వస్తుంది?

సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి, వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్ కిటుకు మొత్తం ఇదే. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తుంది. ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి కాగుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ని సన్నని పొగమంచులా చల్లుతుంది. సుమారు 210 డిగ్రీల దగ్గరే తనంతట తాను అంటుకునే గుణం ఉన్న డీజిల్, ఆ వేడికి భగ్గుమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీర్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించింది ఈ సూత్రాన్నే. ఇప్పటికీ అదే నడుస్తోంది.

అంటే స్టార్ట్ అవ్వాలంటే ముఖ్యంగా మూడు కావాలి. గాలి బాగా కాగేంత వేగంగా సెల్ఫ్ మోటార్ ఇంజన్‌ని తిప్పాలి. లోపలికి గాలి ఆడాలి. సరైన ఒత్తిడితో డీజిల్ అందాలి.

కొత్త బండ్లలో నాలుగోది కూడా ఉంది, ఈసీఎం పర్మిషన్. ఇది ఇంజన్ కంప్యూటర్. కామన్ రెయిల్ ఇంజన్లలో డీజిల్ ముందుగా రెయిల్ అనే లావుపాటి గొట్టంలో ఒత్తిడితో నిండుతుంది. చాలా ఇంజన్లలో ఆ ఒత్తిడి 200 నుంచి 300 బార్‌కి చేరేదాకా ఈసీఎం నాజిళ్లను తెరవనే తెరవదు. లారీ టైరులో ఉండేది 8 బార్ చుట్టుపక్కల. ఇంజన్ లోడు మీద నడిచేటప్పుడు రెయిల్‌లో 1,600 బార్ కూడా దాటుతుంది. ఈ అంకెను కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

మొండికేయడంలో మూడు రకాలు

"స్టార్ట్ కావట్లేదు" అనే మాట డాక్టర్ దగ్గర "ఒంట్లో బాలేదు" అన్నట్టే. దాంతో ఏమీ తెలియదు. కీ తిప్పితే ఏం జరుగుతోందో చెప్పాలి.

మొదటి రకం, కీ తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. సర్వీసింగ్ తర్వాత ఇలా జరిగితే ముందు బ్యాటరీ కటాఫ్ స్విచ్ చూడండి. పనికి ముందు ఆపేసి మళ్ళీ వేయడం మర్చిపోవడం మామూలే. తర్వాత బ్యాటరీ టెర్మినళ్లు, ఛాసిస్‌కి బిగించే ఎర్త్ వైరు, ఫ్యూజులు. కొన్ని బండ్లు న్యూట్రల్‌లో లేకపోయినా, క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తీసుకోవు.

రెండో రకం, సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఈడుస్తోంది. లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఇస్తాయి. ఛార్జింగ్ నిండుగా ఉంటే మీటర్‌లో 25 చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 20 కంటే బాగా కిందికి పడిపోతోందంటే బ్యాటరీ గానీ, వదులైన కనెక్షన్ గానీ కారణం. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే గాలి కాగదు. గాలి కాగకపోతే డీజిల్ అంటుకోదు.

మూడో రకమే అందరి తలా తినేది. సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం పట్టుకోవట్లేదు. ఇప్పుడు సైలెన్సర్ వైపు చూడాలి. పొగే లేదంటే సిలిండర్లలోకి డీజిల్ వెళ్లట్లేదు. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ వెళ్తోంది గానీ సరిగా మండట్లేదు. నల్ల పొగ దట్టంగా వస్తోందంటే డీజిల్‌కి తగ్గ గాలి అందట్లేదు. ఎయిర్ ఫిల్టర్ మార్చేటప్పుడు గొట్టంలో తుడుపు గుడ్డ వదిలేసిన సందర్భాలు కూడా ఉంటాయి.

టమాటా లోడు, రాత్రి తొమ్మిది

ఆ మధ్య వీకెండ్‌కి ఊరెళ్లినప్పుడు ఈ మూడో రకం నా కళ్ళ ముందే జరిగింది. చిన్నాయన బండి 2018 మోడల్, బీఎస్4, కామన్ రెయిల్ ఇంజన్. మధ్యాహ్నం షెడ్డులో ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, రెండు డీజిల్ ఫిల్టర్లు మార్చారు. అక్కడ స్టార్ట్ అయింది. నాలుగు కిలోమీటర్లు నడిచి మార్కెట్ యార్డుకి వచ్చింది. ఇంజన్ ఆపి లోడింగ్ మొదలుపెట్టారు. నాలుగు గంటలు పట్టింది. రాత్రి తొమ్మిదికి తాడు బిగించి కీ తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, ఇంజన్ మాత్రం పట్టుకోవట్లేదు.

లోపల ఉన్నది టమాటా. తెల్లారేసరికి చెన్నై కోయంబేడులో ఉండాలి. మధ్యాహ్నానికి చేరితే అదే క్రేటుకి వేరే రేటు. అది కూడా కొనేవాడు దొరికితే. నెల కిస్తీ ఎక్కడి నుంచి కట్టాలా అని చిన్నాయన ముఖంలో కనిపిస్తూనే ఉంది.

పది నిమిషాల్లో బండి చుట్టూ సలహాలు పోగయ్యాయి. డ్రైవర్ పంపు పోయిందన్నాడు. పక్క లారీ డ్రైవర్ నాజిళ్లు అన్నాడు. ఫోన్‌లో ఎవరో సెన్సర్ అన్నారు. ఒకాయన ఎయిర్ గొట్టంలో ఈథర్ స్ప్రే కొడదామన్నాడు. గాలిని వేడి చేసే హీటర్ ఉన్న ఇంజన్‌లో ఈథర్ కొడితే పేలి ముఖం కాలే ప్రమాదం ఉంది. అదృష్టం కొద్దీ ఆ డబ్బా ఎవరి దగ్గరా లేదు. ఇంకొకాయన ఫోన్‌లో వీడియో పెట్టి, నాజిల్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టమన్నాడు. పాతకాలం పంపుల మీద అలా ఎయిర్ తీసేవాళ్లు, నిజమే. కామన్ రెయిల్‌లో ఆ పని అస్సలు చేయకూడదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె ఇక్కడే. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని సూదిలా పొడుచుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనిపిస్తుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఆపరేషన్ చేయించుకోకపోతే వేలు, చెయ్యి కూడా పోవచ్చు.

వీటన్నిటి మధ్య చిన్నాయన షెడ్డుకి ఫోన్ చేసి, "మీ పిల్లోడు ఏందో పీకినాడు మేస్త్రీ" అని కేకలేస్తున్నాడు.

"నువ్వు పోయి టీ తాగి రా అన్నా"

మేస్త్రీ స్కూటర్ మీద వచ్చాడు. అరవై దాటిన మనిషి. వెనక కూర్చున్నది ఆ పిల్లోడే. పందొమ్మిదేళ్లు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ పూర్తి చేసి ఐదు నెలలుగా షెడ్డులో పనిచేస్తున్నాడు. తలెత్తట్లేదు.

మేస్త్రీ బండి కింద దూరి సెల్ఫ్ మోటార్‌కి దగ్గరగా చెయ్యి పెట్టాడు. సెగ కొడుతోంది. "ఇంక ఎవురూ సెల్ఫ్ కొట్టొద్దండి. ఇది గూడా కాలిపోతే రెండు రిపేర్లు అయితాయి" అన్నాడు. ఆయన లెక్క ప్రకారం ఒకసారికి పదిహేను సెకన్లు మించకూడదు, ఆపై రెండు నిమిషాలు ఆగాలి.

బ్యాటరీ చూశాడు, బాగుంది. కాసేపాగి ఒక్కసారి సెల్ఫ్ కొట్టించి సైలెన్సర్ చూశాడు. పొగ లేదు. అప్పుడు పిల్లోడి వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. "మద్యాన్నం నుంచి ఏమేం ఇప్పినావో వరసగా చెప్పు."

పిల్లోడు నోరు తెరిచేలోపు చిన్నాయన అందుకున్నాడు. "వాడేం చెప్తాడు మేస్త్రీ, చేసిందంతా చేసి!" మేస్త్రీ చిన్నాయన భుజం మీద చెయ్యేసి, "అన్నా, నువ్వు పోయి టీ తాగి రా. నువ్వు ఈడుంటే వాడు నోరు తెరవడు. వాడు తెరవకపోతే నీ బండి కదల్దు" అన్నాడు.

నాకు తెలిసిన టీమ్ లీడ్లలో ఇంత సూటిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

చిన్నాయన గొణుక్కుంటూ వెళ్లాక పిల్లోడు వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటీ చెప్పాడు. మేస్త్రీ ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాడు. ఆయిల్ మారిస్తే స్టార్టింగ్‌కి సంబంధం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి లైటు వేసి చూశాడు, ఖాళీగా ఉంది. మిగిలినవి రెండు డీజిల్ ఫిల్టర్లు.

చుక్క కారని లీకు

ఇక్కడే అసలు తిరకాసు. డ్రైవర్ అప్పటికే టార్చ్ వేసి వెతికాడు. ఎక్కడా డీజిల్ చుక్క లేదు, తడి లేదు. "లీకేజీ లేదు మేస్త్రీ, పంపే" అని అతని తీర్మానం.

డీజిల్ దారి ఇలా ఉంటుంది. ట్యాంకు, అక్కడి నుంచి నీళ్లు వడకట్టే ముందు ఫిల్టర్, తర్వాత ఫీడ్ పంపు, రెండో ఫిల్టర్, హై ప్రెషర్ పంపు, రెయిల్, నాజిళ్లు. ఫీడ్ పంపు తర్వాత డీజిల్‌ని తోస్తారు కాబట్టి అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారుతుంది. ఫీడ్ పంపుకి ముందు మాత్రం తోయడం ఉండదు, పీల్చడమే. చిల్లు పడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి చూడండి. నీళ్లు బయటికి కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇదీ అంతే. పీల్చే వైపు సందు ఉంటే డీజిల్ కారదు, గాలి లోపలికి దూరుతుంది. ఇంజన్ ఆపి గంటల తరబడి వదిలేస్తే పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోయి, ఆ చోటంతా గాలి నిండుతుంది. డీజిల్‌లా గాలి ఒత్తిడి పట్టదు, స్పాంజిలా నలుగుతుంది. రెయిల్‌లో ఒత్తిడి లేవదు. ఈసీఎం నాజిళ్లను తెరవదు.

షెడ్డులో స్టార్టయి, నాలుగు కిలోమీటర్లు నడిచి, నాలుగు గంటలు ఆగాక మొండికేయడం ఈ కథకి అతికినట్టు సరిపోతుంది. పంపు నిజంగా పోయి ఉంటే సరిగ్గా లోడింగ్ టైములోనే పోవాల్సిన అవసరం ఏముంది?

అయినా మేస్త్రీ ఊహని నమ్మి ఊరుకోలేదు. సంచిలోంచి ట్రాన్స్‌పరెంట్ పైపు ముక్క తీశాడు. ఇళ్లు కట్టేవాళ్లు లెవెల్ చూసుకునే పైపు లాంటిదే. దాన్ని ముందు ఫిల్టర్‌కి, ఫీడ్ పంపుకి మధ్య పెట్టి సెల్ఫ్ కొట్టించాడు. పైపులో బుడగలు, సోడా కొట్టినట్టు. తర్వాత అదే ముక్కని ట్యాంకుకి, ముందు ఫిల్టర్‌కి మధ్యకి మార్చాడు. ఒక్క బుడగ లేదు. అంటే గాలి దూరేది ఆ ఫిల్టర్ దగ్గరే.

మా భాషలో దీన్ని బైసెక్ట్ అంటాం. వంద మార్పుల్లో ఏది కొంప ముంచిందో తెలియకపోతే సగానికి విడగొట్టి, తప్పు ఏ సగంలో ఉందో చూసి, ఆ సగాన్ని మళ్ళీ విడగొడతాం. మేస్త్రీకి ఆ పేరు తెలియదు, పని తెలుసు.

బుడగలు చూశాక పిల్లోడు నోరు విప్పాడు. "మేస్త్రీ, ముందు ఫిల్టర్ ఇప్పినప్పుడు పాత రింగు దాంతో రాలేదు. యాడో కింద పడిపోయిందేమో అనుకున్నా."

ఫిల్టర్ విప్పారు. పాత రబ్బరు రింగు పైన హెడ్‌కే అంటుకుని ఉంది. కొత్త ఫిల్టర్‌తో వచ్చిన రింగు దాని మీద కూర్చుంది. ఒకటి ఉండాల్సిన చోట రెండు. బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. కాసేపు ఆపుతుంది కూడా. ఇంజన్ అదురుకి పక్కకి జరిగి సందు ఇస్తుంది.

పాత రింగు పీకి, చోటంతా తుడిచి, ఫిల్టర్ బిగించి, హ్యాండ్ పంపు గట్టిపడేదాకా కొట్టి ఎయిర్ తీశారు. రెండో సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది. చిన్నాయన వెంటనే పంపించేయబోతే మేస్త్రీ ఆపాడు. ఇరవై నిమిషాలు నడిపించాడు, ఆపాడు, కాసేపాగి మళ్ళీ స్టార్ట్ చేయించాడు. "టైము పోతే ఈడే పోనీ అన్నా, నడిమి దారిలో పోకూడదు."

"షెడ్డు నాది"

టీ తాగి వచ్చిన చిన్నాయన మొదటి ప్రశ్న, "ఎవురు చేసినారు?" మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "షెడ్డులో జరిగింది. షెడ్డు నాది."

అంతే. పిల్లోడి పేరు ఎత్తలేదు.

ఇదేదో మంచితనం కోసం చెప్తున్న నీతికథ కాదు, శుద్ధ టెక్నికల్ విషయం. సర్వీసింగ్ తర్వాత వచ్చే రిపేరులో అన్నిటికంటే విలువైన సమాచారం ఒక మనిషి తలలో ఉంటుంది. ఆఖరుసారి ఆ బోల్టు తిప్పిన మనిషి తలలో. అతన్ని భయపెడితే ఆ సమాచారం పోయినట్టే. ఆ రాత్రి పిల్లోడు నోరు తెరవకుండా ఉంటే స్కానర్ పెట్టేవాళ్లు. రెయిల్ ఒత్తిడి తక్కువ అని కోడ్ వచ్చేది. ఒత్తిడి తక్కువ అంటే పంపు అనుకుని పంపు విప్పేవాళ్లు. టీ ఖర్చంత కూడా లేని రింగు కోసం వేలకి వేలు పోసేవాళ్లు. కోడ్ ఎప్పుడూ నొప్పి ఎక్కడుందో చెబుతుంది, ముల్లు ఎక్కడ గుచ్చుకుందో చెప్పదు.

మా ఆఫీసుల్లో సర్వర్ పడిపోయాక పోస్ట్‌మార్టమ్ మీటింగ్ పెడతారు. ఎవరి తప్పు అని కాకుండా ఏం జరిగింది అని రాసుకోవాలని రూలు. అయినా చాలా మీటింగుల్లో అందరి కళ్ళూ ఒకడి మీదే ఉంటాయి. వాడు లాగులో ఉన్నంత వరకే చెప్పి ఊరుకుంటాడు. చేసినప్పుడు తనకొచ్చిన చిన్న అనుమానం చెప్పడు. ఆ పిల్లోడికి కూడా రింగు రాలేదని మధ్యాహ్నమే అనుమానం వచ్చింది. అడిగితే తిడతారేమో అని ఊరుకున్నాడు. దాని ఖరీదు రెండు గంటలు, ఇంకాస్తయితే ఒక లోడు టమాటా.

ఇప్పుడు ఆ షెడ్డులో ఒక పాత ప్లేటు కనిపిస్తుంది. విప్పిన ప్రతి పాత రింగు, వాషర్ అందులో పడాలి. లెక్క సరిపోతేనే బండి బయటికి. ఆ ప్లేటు పెట్టింది మేస్త్రీ కాదు, ఆ పిల్లోడే.

మీ ఇంట్లోనూ డీజిల్ బండి ఉంటే

లారీ, ట్రాక్టర్, జేసీబీ, ఏదైనా సరే. పానా పట్టడం రాకపోయినా ఫోన్ పట్టడం వచ్చు కదా, ఇవి మీరు చేయగలరు.

పనికి ముందు విప్పబోయే చోట్ల ఫొటోలు తీయండి. ఏ వైరు ఎక్కడుందో, ఏ పైపు ఎటు పోతుందో తర్వాత పోల్చుకోవచ్చు. ఫిల్టర్ కింద నీటి సెన్సర్ ఉంటే దాని కనెక్టర్ మళ్ళీ పెట్టారో లేదో చూడండి.

ఏమేం మార్చారో వరసగా వాట్సాప్‌లో రాసి డ్రైవర్‌కి కూడా పంపండి. అర్ధరాత్రి దారి మధ్యలో ఆ నాలుగు లైన్లే దిక్కు.

కొత్త డీజిల్ ఫిల్టర్‌లో డబ్బాతో డీజిల్ నింపి బిగిస్తామంటే కామన్ రెయిల్ బండికి వద్దనండి. వడకట్టని డీజిల్ నేరుగా పంపులోకి, నాజిళ్లలోకి పోతుంది. హ్యాండ్ పంపుతోనే నింపమనండి.

లోడు ఎత్తే ముందు ఇంజన్ ఇరవై నిమిషాలు నడిపి, ఆపి, వీలైతే కొన్ని గంటల తర్వాత మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. సర్వీసింగ్ అయిన సాయంత్రమే కుళ్లిపోయే సరుకు ఎక్కించకపోతే ఇంకా మంచిది.

అయినా స్టార్ట్ కాకపోతే, ఏది పోయిందో ఊహించే ముందు ఏం విప్పారో అడగండి. అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడగండి. ఆ జవాబు తెలిసినవాడు సాధారణంగా అక్కడున్నవాళ్లందరిలోకీ చిన్నవాడై ఉంటాడు.